తాళం వేసిన ఇల్లు ఎవరి లెక్కలో?

బీసీల జనాభాపైనా, దానికి తగ్గ నిధుల వాటాపైనా తెలంగాణలో మళ్లీ రగడ. ఈ చిక్కుముడి 2014 ఆగస్టు 19న పడిందని నా నమ్మకం.

రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి వివరాలు రాసుకునే సమగ్ర కుటుంబ సర్వేను ఆ ఒక్కరోజులో ముగించాలనుకుంది. హైదరాబాద్‌లో బంద్ వాతావరణం. బస్సులు లేవు, దుకాణాలు తెరవలేదు. ముందురోజుల్లో బస్టాండ్లు మాత్రం కిక్కిరిసిపోయాయి. ఊళ్లో పేరు రాయించుకోకపోతే పింఛనూ రేషనూ పోతాయన్న టెన్షన్‌తో బస్తీల్లో అద్దెకుండేవాళ్లు పిల్లాజెల్లాతో సొంతూరి దారి పట్టారు. ఇక్కడ తలుపు మీద సర్వే స్టిక్కర్, గొళ్లేనికి తాళం. నగరం నీళ్లు తాగుతూ, నగరం బడికి పిల్లల్ని పంపే మనిషి ఊరి లెక్కలో చేరాడు. వాళ్లను తప్పుపట్టలేం. పేరు ఎక్కడుంటే పథకం అక్కడే అని వాళ్లకు అర్థమైంది మరి.

ఆ సర్వే ఫలితాలను పూర్తిగా జనం ముందు పెట్టి ఉంటే తప్పొప్పులు అప్పుడే తేలేవి. పెట్టలేదు. అందుకే 2025 ఫిబ్రవరిలో కొత్త కులగణన, ముస్లింలను మినహాయించి బీసీలు 46.25 శాతమని చెప్పగానే బీఆర్‌ఎస్ పాత సర్వేలోని 51 శాతాన్ని ముందుకు తెచ్చింది. పాత లెక్కకు అధికారిక ఆమోదమే లేదని కాంగ్రెస్ కొట్టిపారేసింది.

కొత్త గణనలోనూ నగరమే జారిపోయింది. గుర్తించిన 1.15 కోట్ల కుటుంబాల్లో 3.56 లక్షల కుటుంబాల వివరాలు అందలేదు. వాటిలో ఎక్కువ జీహెచ్‌ఎంసీ పరిధిలోవే. జనం సహకరించలేదన్నది అధికారుల మాట. కొన్నిచోట్ల అది నిజమే. కానీ ఒంటిపూట బడి ముగించుకుని టీచర్లు మధ్యాహ్నం తలుపు తట్టే వేళకు, కూలికెళ్లిన ఆలుమగలు ఇంట్లో ఎలా ఉంటారు? 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మరో అవకాశం ఇచ్చారు, అప్పటికే అంకెలు ప్రకటించేశాక.

2021 జనగణన జరగనే లేదు. దాంతో ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఇచ్చే బియ్యానికి 2011 జనాభానే కొలమానంగా మిగిలింది. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను తేల్చే 15వ ఆర్థిక సంఘం లెక్కల్లోనూ 2011 జనాభానే. తర్వాతి జనగణన ప్రామాణిక తేదీ, అంటే ఏ రోజున్న జనాభాను లెక్కలోకి తీసుకుంటారో ఆ తేదీ, 2027 మార్చి 1. 2011 తర్వాత పుట్టి ఇప్పుడు హైస్కూలుకు వెళ్తున్న బస్తీ పిల్లలు ఆ పాత లెక్కలో ఎక్కడా లేరు.