కుక్కర్ అడుగున ఉన్న చిన్న బొత్తాం

చిరంజీవులకు మీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరు అడిగిన మాట మనసులో అలాగే ఉండిపోయింది. "ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొని రెండేళ్లు కూడా కాలేదు తాతయ్యా, అప్పుడే మొరాయిస్తోంది. మూత పక్క నుంచి ఆవిరి వస్తోంది, మధ్యలో ఆగిపోతోంది. పడేసి కొత్తది కొందామా?" అన్నారు. అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేయడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి సామాన్లు విప్పడం, బిగించడంలోనే నా జీవితమంతా గడిచింది కదా. బాగుచేయమని నా బల్ల మీదకు వచ్చిన కుక్కర్లలో చాలావాటికి లోపల ఏ భాగమూ చెడిపోలేదు. శుభ్రంగా తుడిచి, రబ్బరు సరిగ్గా కూర్చోబెట్టి ఇస్తే చక్కగా పనిచేశాయి. కుక్కర్ వంట వల్ల పాడవడం తక్కువ. వంట అయ్యాక దాన్ని ఎలా వదిలేశామన్న దాన్ని బట్టే పాడవుతుంది.

ముందు ప్లగ్గు తీసేయండి. పూర్తిగా చల్లారాక లోపలి గిన్నె పైకి తీయండి. అడుగున గుండ్రంగా, పళ్లెంలా ఒకటి కనిపిస్తుంది. అదే వేడెక్కే ప్లేటు. దాని నడిమధ్యలో చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దదిగా ఒకటి ఉంటుంది. వేలితో మెల్లగా నొక్కండి. కిందికి దిగి, వేలు తీయగానే పైకి లేస్తుంది. దాని కింద స్ప్రింగు ఉంది. ఆ బొత్తామే సెన్సర్. గిన్నె పెట్టగానే అది గిన్నె అడుగుకు ఆనుకుంటుంది. ఒంట్లో వేడి చూడడానికి అమ్మ మీ నుదుటి మీద చెయ్యి పెడుతుంది చూశారా, ఈ బొత్తాం చేసేదీ అదే. లోపల ఏముందో కుక్కర్‌కు కనిపించదు. గిన్నె అడుగును తాకి, ఎంత వేడెక్కిందో చూసి, దాన్ని బట్టే ప్లేటుకు కరెంటు ఇస్తుంది, ఆపుతుంది. మధ్యమధ్యలో 'టిక్' మని వినిపించే చప్పుడు అదే.

సముద్రమట్టం దగ్గర మూతలేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. ఎంత మంట పెట్టినా ఆ పైన వేడెక్కవు. మూత బిగించి ఆవిరిని బయటకు పోనివ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి, నీళ్లు మరిగే వేడి కూడా పెరుగుతుంది. చాలా ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్లలో అది సుమారు 115 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే గట్టి గింజలు కూడా తొందరగా మెత్తబడతాయి. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లో ఇలాంటి పాత్రతో ఎముకలను సైతం మెత్తగా ఉడికించి చూపించాడు. ఒత్తిడి మరీ ఎక్కువైతే ఆవిరి తనంతట తానే బయటకు పోయే వాల్వును కూడా ఆయనే అమర్చాడు. మన కుక్కర్ మూత మీదున్న ఏర్పాట్లకు మూలం ఆ ఆలోచనే.

మళ్లీ బొత్తాం దగ్గరకు వస్తాను. ఒకసారి ఒకావిడ కుక్కర్ తెచ్చి, "ఏం వండినా అడుగంటుతోందండీ, లేదంటే మధ్యలోనే ఆగిపోతోంది" అన్నారు. గిన్నె తీసి చూస్తే ప్లేటు అంచున ఒక్క మెతుకు. ఎన్నాళ్ల నుంచి ఉందో, మాడి మాడి బొగ్గులా గట్టిపడింది. ఆ మెతుకు వల్ల గిన్నె ఒక పక్కకు వెంట్రుకంత ఎత్తున లేచింది. ప్లేటుకూ గిన్నెకూ మధ్య గాలి చేరింది. గాలి వేడిని సరిగ్గా అందనివ్వదు. అందుకని ప్లేటు తనలో తాను కాగిపోతుంటే గిన్నె ఒకచోట మాడి ఇంకోచోట చల్లగా ఉండేది. బొత్తాం కూడా గిన్నెకు సరిగ్గా ఆనక తప్పు లెక్క చెప్పేది. చెక్క పుల్లతో ఆ మెతుకు గీకి, బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి ఇచ్చాను. అంతే. అదే కుక్కర్ తర్వాత ఎన్నో ఏళ్లు నడిచింది. కాబట్టి గిన్నెను లోపల పెట్టేముందు దాని అడుగు పొడిగుడ్డతో తుడవండి, ప్లేటు మీద అరచేయి ఆడించి చూడండి. పొద్దున అరనిమిషం పని. నేను చెప్పేవాటిలో ఈ ఒక్కటీ పాటించినా నాకు చాలు.

గిన్నె కింద పడి అడుగు సొట్ట పోయినా ఇదే కథ. సొట్టపడ్డ గిన్నెను సర్దుకుని వాడకండి, గిన్నె మార్చండి. వేడి గిన్నెలో ఒక్కసారిగా చల్లటి నీళ్లు పోస్తే అడుగు వంపు తిరిగే ప్రమాదం ఉంది. కాస్త ఆగి పోయండి. లోపల నల్లటి పూత ఉన్న గిన్నె అయితే ఇనుప గరిటె, స్టీలు పీచు దూరం పెట్టండి. స్టీలు గిన్నెలో తెల్ల మచ్చలు పడితే భయపడాల్సిన పనిలేదు, అవి నీళ్లలోని లవణాలు. కొంచెం వెనిగర్ వేసి కాసేపు ఉంచి కడిగితే పోతాయి.

నా మనసుకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఒకరోజు తెల్లవారుజామున, ఇంకా నిద్రమత్తు వదలకముందే, లోపలి గిన్నె పెట్టకుండా చెంబెడు నీళ్లు నేరుగా కుక్కర్‌లో పోశాను. నీళ్లు ప్లేటు పక్క నుంచి కిందకు, వైర్లలోకి దిగిపోయాయి. స్విచ్ వేసి లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో. దాన్ని పూర్తిగా విప్పి, ప్రతి భాగం ఆరబెట్టి, పరీక్షించి బిగించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మీ చేతుల్లో అలా జరిగితే పొడి చేత్తో స్విచ్ ఆపి ప్లగ్గు తీసేయండి, మెకానిక్ చూసేదాకా మళ్లీ వాడకండి. ఇలాంటిది జరగకుండా ఒక అలవాటు చేసుకోండి. కడిగిన గిన్నె ఆరగానే దాని చోట దాన్ని పెట్టేయండి. ఖాళీ కుక్కర్ నోరు తెరుచుకుని ఎప్పుడూ ఉండకూడదు. ఇక దాని ఒళ్లు మాత్రం కుళాయి కింద పెట్టి కడిగే వస్తువు కాదు, తడిగుడ్డతో తుడవాల్సిందే.

ఇక మూత. మీ బాధంతా అక్కడే ఉన్నట్టుంది. మూత లోపలి అంచున సిలికాన్ రబ్బరు ఉంటుంది. దాన్ని రోజూ తీసి సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. పెట్టాక చుట్టూ వేలితో తడిమి చూడండి, ఎక్కడా పైకి లేచి ఉండకూడదు. పగుళ్లు కనిపించినా, సాగి వదులైనా ఇక దానితో పని లేదు. రోజూ వండే ఇంట్లో ఏడాదికో ఏడాదిన్నరకో కొత్తది వేసుకోవడం మంచిది. రబ్బరుకు వాసనలు పట్టేస్తాయి, అది చెడిపోయినట్టు కాదు. వాడనప్పుడు మూత బిగించి ఉంచకండి, తిరగేసి పైన పెట్టండి. రబ్బరు నలగదు, లోపల గాలి ఆడుతుంది.

రబ్బరు వదులైతే ఆవిరి పోవడమొక్కటే కాదు. ఆవిరితో పాటు నీళ్లు తగ్గుతాయి, ఒత్తిడి నిలవదు. ప్లేటు ఆగకుండా కాగుతూనే ఉంటుంది, చివరికి అడుగంటుతుంది, బొత్తాం పసిగట్టి కుక్కర్‌ను ఆపేస్తుంది. మీరు చెప్పిన రెండు బాధలూ నిజానికి ఒకటేనని నా అనుమానం.

మూతలోనే చిన్న పిన్ను ఉంటుంది. ఒత్తిడి ఎక్కగానే అది పైకి లేచి మూతకు తాళం వేస్తుంది. పిన్ను లేచి ఉన్నంతసేపు మూతను బలవంతంగా తిప్పకండర్రా, పిన్ను దిగేదాకా ఆగండి. దాని కింద గోరంత సిలికాన్ టోపీ ఉంటుంది. సింకులో జారిపోయేది ఎక్కువగా అదే. మూత కడిగేటప్పుడు ఒక గిన్నెలో వేసుకోండి. ఆవిరి పోయే దారికి లోపలి వైపు చిన్న జల్లెడ లాంటి కవచం ఉంటుంది, దాన్నీ తీసి కడగాలి. గంజి నురగ అక్కడికి ఎక్కి ఆరితే జిగురులా పట్టేస్తుంది. గిన్నెను మూడింట రెండు వంతులకు మించి నింపవద్దనేది అందుకే. పొంగేవి, నురగ కట్టేవి అయితే సగం దాకే. వాటిని వండినప్పుడు ఆవిరి వెంటనే వదిలేయకండి, పది నిమిషాలు దానంతట అదే తగ్గనివ్వండి.

ముందు వేయించి తర్వాత నీళ్లు పోసే వంటలైతే, నీళ్లు పోయగానే చెక్క గరిటెతో అడుగంతా గీకి కలపండి. అడుగు మాడుతోందని కుక్కర్ ఇచ్చే హెచ్చరికలకు అడుగున పట్టిన ఆ మడ్డే మూలం.

కుక్కర్‌ను పొయ్యి మీద ఎన్నడూ పెట్టకండి, చోటు లేదన్నా సరే. ఎవరో తెలియక పొయ్యి వెలిగిస్తే అడుగు కరిగిపోతుంది. ఈ కుక్కర్లు ఇంచుమించు 1000 వాట్లు లాగుతాయి, కాబట్టి సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. గోడ సాకెట్‌లో పూర్తిగా దిగేలా పెట్టండి. ప్లగ్గు చేతికి వేడిగా తగిలితే అక్కడితో ఆపేయండి.

ఇంకొక్కటి. కుక్కర్ ఒక్కసారిగా చచ్చుబడితే, లోపల వేడి మితిమీరినప్పుడు తెగిపోయే ఫ్యూజు పోయి ఉండొచ్చు. దాన్ని తీసేసి వైర్లు నేరుగా కలిపి ఇచ్చేవాళ్లను నేను చూశాను. చవకగా పని అయిపోతుందని ఒప్పుకోకండి. ఆ ఫ్యూజు మీ ఇంటిని కాపాడేది. ఎందుకు తెగిందో కనుక్కుని, అలాంటిదే కొత్తది వేసేవారికే ఇవ్వండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. ప్లేటు తుడవండి, మీ మోడల్‌కు సరిపోయే రబ్బరు కొత్తది తెచ్చి వేయండి, పిన్ను కింద టోపీ ఉందో లేదో చూడండి. తర్వాత నాలుగు గ్లాసుల నీళ్లు మాత్రమే పోసి ప్రెషర్ మీద ఐదు నిమిషాలు పెట్టండి. పిన్ను లేచి, మూత చుట్టూ ఆవిరి రాకపోతే కొత్త కుక్కర్ మాట మరిచిపోండి. అప్పటికీ లేవకపోతే దాన్ని అలాగే ఉంచండి, ఈసారి వచ్చేటప్పుడు మూతతో సహా నా దగ్గరకు పట్టుకురండి. పాత రబ్బరు కూడా పడేయకుండా తీసుకురండి, ఎక్కడ చెడిందో చూపిస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య