చిత్తుప్రతి టోక్యో వెళ్తే చైనా ఎందుకు భగ్గుమంది?

2019 జనవరిలో టోక్యో నేషనల్ మ్యూజియం ఎనిమిదో శతాబ్దపు చైనా లిపికారుడు, అధికారి యాన్ జెన్‌చింగ్ చేతిరాతల ప్రదర్శన తెరవగానే చైనా సోషల్ మీడియా కోపంతో ఊగిపోయింది. తైవాన్ రాజధాని తైపీలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియం ఆ ప్రదర్శనకు ఒక కాగితాన్ని అరువిచ్చింది. దాని ఎత్తు 28 సెం.మీ., పొడవు 75 సెం.మీ. నిండా కొట్టివేతలే.

755 చివర్లో సేనాని ఆన్ లుషాన్ టాంగ్ చక్రవర్తి మీద తిరుగుబాటు చేశాడు. చాంగ్‌షాన్ పట్టణాన్ని కాపాడుతున్న యాన్ గావోచింగ్‌కు సాయం రాలేదు. 756లో పట్టణం పడిపోయింది, ఆయనా కొడుకు జిమింగ్ కూడా బలైపోయారు. 758లో జిమింగ్ తల ఒక్కటే దొరికింది. గావోచింగ్ జెన్‌చింగ్‌కు వరసకు అన్న. ఆ అన్న కొడుకు ఆత్మకు నివేదించడానికి జెన్‌చింగ్ రాసుకున్న చిత్తే ఈ కాగితం.

చైనా అక్షరంలో ఏ గీత ముందో ఏది తర్వాతో ఖాయం. అందుకే రాత తెలిసినవాళ్లు చూపుతోనే ఆ చేతి వెంట నడవగలరు. మసిని జంతువుల జిగురుతో కలిపి గట్టిపరిచిన సిరాకడ్డీని రాతిపలక మీద నీళ్లతో అరగదీస్తే సిరా వస్తుంది. కుంచె ముంచిన వెంటనే గీత నల్లగా, తడిగా పడుతుంది. ముంచకుండా రాస్తూ పోతే వెంట్రుకలు విడిపోయి నలుపు మధ్య తెల్లచారలు మిగులుతాయి. శుభ్రంగా రాసేవాళ్లు అంతదాకా రానివ్వరు. జెన్‌చింగ్ ఈ చిత్తులో కుంచె ముంచడానికి ఆగలేదు. మొదటి వరుసలు నెమ్మదిగా, ఎడంగా ఉన్నాయి. తండ్రి చిక్కాడు, కొడుకు పోయాడు అన్నచోట అక్షరాలు బరువెక్కి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చివర్లో వరుసలు కట్టు తప్పుతాయి. పద్యం చదివినట్టు కాదు, ఏడుపు విన్నట్టుంటుంది.

చైనాలో రాతను అందచందాలతో మాత్రమే తూచరు, రాసిన మనిషి గుణంతో కలిపి చూస్తారు. బొమ్మనూ అదే కుంచె, అదే సిరా గీస్తాయి కాబట్టి పండితులు కొండనూ వెదురునూ గీత బలంతోనే అంచనా కట్టారు. లిపికారుడు వాంగ్ షీజి 353లో రాసిన ‘లాన్‌టింగ్ పీఠిక’ను నడకరాతలో, అంటే గీతలు కలుపుతూ వేగంగా రాసే శైలిలో, మొదటిదిగా ఎంచుతారు, కానీ దాని మూలం లేదు, నకళ్లే మిగిలాయి. యువాన్ వంశ కాలపు లిపికారుడు షియాన్‌యూ షూ ఈ చిత్తుకు రెండో స్థానం ఇచ్చాడు. ఇది నకలు కాదు, ఆ చెయ్యి ఆడిన కాగితమే. నా దృష్టిలో ఆ తేడాయే అన్నిటికంటే పెద్దది.

చుట్టగా చుట్టి దాచే ఇలాంటి పాత కాగితాన్ని విప్పిన ప్రతిసారీ పాత మడతలు కదులుతాయి. వెనక అతికించిన కాగితం ఒకలా, పాత కాగితం మరోలా తేమ పీల్చి బిగుస్తాయి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. ఒకసారి పోయిన సిరాను తిరిగి అంటించలేం. అందుకే తైవాన్‌లోనూ కొందరు ఈ అరువును ప్రశ్నించారు.

చైనాలో మాత్రం ఇంకో గాయం రేగింది. జపాన్ సైన్యం ముంచుకొస్తోందనే భయంతోనే 1933లో బీజింగ్ రాజప్రాసాదపు సంపదను పెట్టెల్లో సర్ది దక్షిణానికి తరలించారు. యుద్ధమంతా అవి ఊరూరా తిరిగాయి. ఆ తర్వాత చైనా అంతర్యుద్ధంలో, 1948–49లో వాటిలో 2,972 పెట్టెలు తైవాన్ చేరాయి. అలా తైవాన్ చేరిన సంపదలోనిదే ఈ కాగితం. ఎవరికి భయపడి దాచారో ఆ దేశ రాజధానికే అది వెళ్లింది.