తొర్ర కన్నా కాలువే ప్రమాదం

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది. తెల్లారి రోడ్డుకు అడ్డంగా పడ్డ వేపచెట్టు చుట్టూ జనం చేరి, "లోపలంతా గుల్ల, అందుకే పడింది" అని తేల్చేస్తారు. ఆ తీర్పు ప్రతిసారీ నిలవదు.

మాను నడుమ ఉండే చేవ దాదాపు అంతా చచ్చిన కణాలే. నీళ్లు పైకెక్కేది దాని చుట్టూ ఉండే లేత పొరలో. అందుకే నడుమ కుళ్లినా చెట్టు పచ్చగా ఉంటుంది. మరి బలం? గాలికి మాను వంగేటప్పుడు ఒత్తిడంతా అంచుల మీద పడుతుంది, మధ్యలో దాదాపు ఏమీ పడదు. సైకిల్ ఫ్రేముకు బోలు పైపు సరిపోయేది ఇందుకే. గుండ్రటి మానులో వ్యాసార్ధంలో సగం దాకా గుల్లయినా తగ్గే బలం సుమారు 6 శాతమే. 70 శాతం గుల్లయితే 24 శాతం తగ్గుతుంది. గట్టి గోడ మందం వ్యాసార్ధంలో 30 శాతం కన్నా తగ్గితే జాగ్రత్తపడమని జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ చెప్పిన హద్దు కూడా దీనికి దగ్గరే. తొర్ర ఒక పక్క నోరు తెరుచుకుని ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది కాలువ. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పై మీటరు లోతులోనే, కొమ్మల నీడ దాటి పరుచుకుంటాయి. డ్రైనేజీ కోసం జేసీబీ మాను పక్కనే తవ్విందంటే ఒక వైపు ఆసరా పోయినట్టే. ఆకులు వెంటనే వాడకపోవచ్చు. తెగిన చోట కుళ్లు నిదానంగా పాకుతుంది, ఏ వానకో నేల నానిన రోజు చెట్టు వేళ్లతో సహా లేస్తుంది. ముచ్చటపడి మట్టి పోసి సిమెంటుతో కట్టే రచ్చకట్ట కూడా మాను మొదలును పూడ్చి ఊపిరాడనివ్వదు. ఊరిపెద్దలకు ఈ మాట నచ్చదులెండి.

చెట్టు ఎప్పుడో ఒరిగి, పైన కొమ్మ నిటారుగా తిరిగి ఉంటే అది మామూలే. కొత్తగా ఒరిగి, ఎదురు వైపు నేల పగిలితే ఆ రోజే కింద ఎవరినీ నిలబడనివ్వకూడదు. మాను మొదలు దగ్గర పలకల్లా గట్టి పుట్టగొడుగులు పుడితే నిపుణులకు చూపించాలి.

చెట్టు ఎంత పాడైందన్నది సగం ప్రశ్నే, పడితే కింద ఎవరుంటారన్నది మిగతా సగం. బీడులో ఎండుకొమ్మ పక్షులకు పనికొస్తుంది. అదే కొమ్మ ఆటోస్టాండు మీదుంటే కొట్టించాలి. కొన్నిసార్లు టీబండిని పది గజాలు జరిపితే చాలు, చెట్టు జోలికే పోనక్కర్లేదు. కొట్టించినా తల నరికించొద్దు. మోడు మీద వచ్చే కొత్త కొమ్మలకు పట్టు పైపైనే ఉంటుంది, బరువు పెరిగాక అవే విరిగి పడతాయి.