కుట్లు అంత పైదాకా ఎందుకు?

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆసుపత్రికి వచ్చినప్పుడు బుజ్జి అమ్మమ్మ పొట్ట మీది కట్టును అలా చూస్తూ నిలబడింది. గది బయటికొచ్చాక నా చొక్కా పట్టి లాగి, "తాతయ్యా, అండాశయం బొడ్డు కింద కదా ఉండేది? మా సైన్సు పుస్తకంలో బొమ్మ ఉంది. మరి కోత బొడ్డు దాటి అంత పైకి ఎందుకెళ్లింది? క్యాన్సర్ మొదట్లోనే ఉందన్నారుగా?" అని అడిగింది. తర్వాత చెప్తానమ్మా అని తప్పించుకున్నాను. నిజానికి నాకూ తెలీదు. తెలీదని ఒప్పుకోవడానికి ఈ వయసులో కూడా మొహమాటమే, చూడండి. మీకు మాత్రం ఆ అలవాటు రానివ్వకండి.

నిన్న సాయంత్రం డాక్టరమ్మ రౌండ్స్‌కి వస్తే అదే ప్రశ్న అడిగాను. నా సొంత ప్రశ్నలాగే అడిగాను, బుజ్జి పేరు చెప్పలేదు. ఆవిడ మందుల చీటీ వెనక చిన్న బొమ్మ గీసి ఇచ్చింది. అది ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మన ఒంట్లో రక్తనాళాలు కాక ఇంకో రకం సన్నటి గొట్టాలున్నాయి. రక్తంలోంచి బయటికి ఊరి, అక్కడే మిగిలిపోయిన నీటిని అవి ఏరుకుని మళ్లీ రక్తంలో కలుపుతాయి. రోజుకు రెండు మూడు లీటర్లట! పుస్తకాల్లో దాన్ని శోషరసం అంటారు, ఇక్కడ అందరూ లింఫ్ అంటున్నారు. ఆ గొట్టాల దారిలో అక్కడక్కడ చిక్కుడు గింజంతవి, ఇంకా చిన్నవి ఉండలు తగులుతాయి. అవే లింఫ్ నోడ్లు. ఒంట్లో మొత్తం 600 దాకా ఉంటాయి.

30 ఏళ్లు ఉత్తరాలు సార్టింగ్ చేసినవాణ్ణి కదా, నాకు ఏది విన్నా తపాలా సంచే గుర్తొస్తుంది. నోడ్ అంటే నా లెక్కలో ఒక సార్టింగ్ ఆఫీసు. చుట్టుపక్కల నుంచి వచ్చిన సంచులన్నీ అక్కడ విప్పుతారు. లోపల కూర్చున్న తెల్లకణాలు ఒక్కో కవరూ తిప్పి చూస్తాయి. ఏ సూక్ష్మజీవో కనిపిస్తే ఇక ఆఫీసంతా పనిలో పడి ఉబ్బిపోతుంది. చిన్నప్పుడు నా పాదంలో ముల్లు విరిగి చీము పట్టింది. నొప్పి పాదంలో ఉంటే నేను గజ్జల్లో చెయ్యి పెట్టుకుని కుంటుతున్నానని అందరూ నవ్వారు. మా నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు. చేత్తో తడిమి, "బిళ్ల కట్టిందిరా, కాలికెక్కడో దెబ్బుంది చూడండి" అంది. పాదానికి సంబంధించిన సార్టింగ్ ఆఫీసు గజ్జల్లో ఉందని ఆవిడకు ఏ బొమ్మా గీయకుండానే తెలుసు.

ఇప్పుడు అండాశయంలో గడ్డ పుట్టిందనుకోండి. అందులోంచి ఒక కణం జారి ఆ గొట్టంలో పడింది. దొంగ కవరన్నమాట. సంచితోపాటు అదీ సార్టింగ్‌కి పోతుంది. కొన్ని అక్కడే దొరికిపోతాయి. ఒక్కోటి గుమాస్తాల కళ్లుగప్పి ఏ గూట్లోనో నక్కి ఉండిపోతుంది. మరి అండాశయం సంచి ఏ ఆఫీసుకు పోతుంది? పక్కనే, కటి (నడుం కింది ఎముకల గిన్నె) గోడల వెంట కొన్ని నోడ్లున్నాయి. కొంత అక్కడికి పోతుంది. కానీ పెద్ద దారి పైకి, మూత్రపిండాల దగ్గరికి పోతుంది. వెన్నెముక ముందు ఒక లావాటి రక్తనాళం దిగుతుంది చూడండి, దాన్ని ఆనుకుని ఉన్న నోడ్ల దాకా. ఇంత దూరం ఎందుకు పోవాలి?

దానికి ముందు నా కథ ఒకటి వినాలి. నాకు పదేళ్లప్పుడు నాన్నకు బదిలీ అయి ఇల్లు మారాం. కొత్త చిరునామా రాసిచ్చిన కాగితాన్ని నా స్నేహితుడు పోగొట్టుకున్నాడు. వాడు పాత చిరునామాకే రాస్తూ పోయాడు. నేనేమో వాడు నన్ను మరిచిపోయాడని నెలల తరబడి అలిగాను. సెలవుల్లో ఓసారి పాత పోస్టాఫీసు మీదుగా వెళ్తుంటే పోస్టుమాన్ సైకిల్ ఆపి లోపలికి పిలిచాడు. గోడకున్న చెక్క గూట్లోంచి దారం కట్టిన నాలుగు కార్డులు తీసి ఇచ్చాడు. ఒక కార్డు మీద సిరా తడిసి అలికిపోయింది, నా పేరు మాత్రం కనిపిస్తోంది. అలకంతా అక్కడే పోయింది. ఆ పోస్టుమాన్ మీసం కూడా నాకింకా గుర్తు, కానీ అది ఇక్కడ అనవసరం.

అండాశయాలదీ అదే కథ! బిడ్డ తల్లి కడుపులో రూపు కడుతున్నప్పుడు అవి పైన, మూత్రపిండాల పక్కనే మొదలవుతాయి. తర్వాత మెల్లగా కిందికి దిగి కటిలో కాపురం పెడతాయి. దిగేటప్పుడు తమ రక్తనాళాలనూ లింఫ్ గొట్టాలనూ వెంట లాక్కుంటూ దిగుతాయి. ఇల్లు మారినా టపా పాత పోస్టాఫీసుకే పోతుంది. అందుకే బుజ్జీ, డాక్టర్లు ఆ పాత పోస్టాఫీసు కూడా తెరిచి చూడాలనుకున్నారు. కోత బొడ్డు దాటింది అందుకే. గడ్డ ఒక పక్కనే ఉన్నా దొంగ కవరు రెండో పక్క నోడ్‌లో దొరికిన సందర్భాలున్నాయట. అందుకని రెండు పక్కలా చూస్తారు.

చిన్నూ, నువ్వు ఫోన్లో "స్కాన్‌లో ఏమీ లేదన్నారుగా" అన్నావు. స్కాన్ నోడ్ సైజు చూస్తుంది. మామూలు సైజులో ఉన్న నోడ్ లోపల నాలుగు కణాలు దాక్కుంటే దానికి కనిపించదు. మొదటి దశ అనేది కంటికీ స్కాన్‌కీ కనిపించినంత మేరకు చెప్పిన మాట. అలా తొలి దశే అనుకున్నవాళ్లలో నోడ్లు తీసి చూస్తే వందకు 10 నుంచి 15 మందికి వాటిలో క్యాన్సర్ కనిపిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అందరికీ ఒకేలా ఉండదు. హై గ్రేడ్ సీరస్ అనే రకంలో ఎక్కువ. మ్యూసినస్ అనే రకంలో చాలా అరుదు, అండాశయం దాటకపోతే చాలాసార్లు నోడ్ల జోలికే వెళ్లరట. నోడ్‌లో కనిపిస్తే దశ మారుతుంది, మూడో దశ అని రాస్తారు. ఆ మాట విని నా గుండె జారింది. కానీ 2014లో నియమాలు మార్చినప్పుడు, కేవలం నోడ్లలోనే ఉన్నవాళ్లను మూడో దశలో మొదటి మెట్టు మీద పెట్టారట. కడుపంతా పాకినవాళ్ల కంటే వీళ్లు బాగా కోలుకుంటారు కాబట్టి. కీమో ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది కూడా దీన్నిబట్టే తేలుస్తారు.

అయితే అన్ని నోడ్లూ పీకేస్తే అంతా బాగుంటుందా అని నేనడిగాను. ఆవిడ నవ్వింది. జబ్బు ముదిరిన 647 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. చూడ్డానికి బాగానే ఉన్న నోడ్లను తీసినందువల్ల అదనపు మేలేమీ కనిపించలేదు, ఇబ్బందులే పెరిగాయి. తొలి దశలో డాక్టర్లు నోడ్లు తీసి చూసేది ముఖ్యంగా సమాచారం కోసం. ఆకుపచ్చగా మెరిసే రంగు ఎక్కించి, అది మొదట చేరే నోడ్ ఒక్కటే తీసి చూస్తే సరిపోతుందేమోనని కూడా పరిశోధిస్తున్నారు. నా సార్టింగ్ బుర్రకు అది భలే నచ్చింది.

నా పోలిక ఇక్కడ కొంచెం తెగుతుంది, ఒప్పుకోవాలి. కవరు గూట్లో కూర్చుని రెండు కవర్లవదు, కణం మాత్రం రెండు కణాలవుతుంది. పైగా ఈ జబ్బు టపాలోనే పోదు, చెట్టు మీది గింజల్లా కడుపులో ఊరికే రాలి కూడా పడుతుంది. అందుకే కడుపు లోపల నీళ్లు పోసి, ఆ నీటిని కూడా పరీక్షకు పంపారు. అన్నిటికీ నా దగ్గర పోస్టాఫీసు కథ లేదు.

అమ్మమ్మకు ఇరవై పైచిలుకు నోడ్లు తీశారు. ల్యాబ్‌లో ఒక్కోదాన్నీ సన్నగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూస్తున్నారు. రిపోర్టు బుధవారం ఇస్తామన్నారు. ఈలోగా మీలో ఎవరికైనా గొంతునొప్పి వస్తే, దవడ కింద మెల్లగా తడిమి చూసుకోండి. చిన్న ఉండ తగలొచ్చు. నొక్కకండి, అది పనిలో ఉంటుంది.

ఇంకో సంగతి. లింఫ్‌ను తోయడానికి గుండె లాంటిదేమీ లేదు. గొట్టాల గోడలు కొంచెం తోస్తాయి. మిగతాది మనం ఊపిరి పీల్చినప్పుడు, కండరాలు కదిలినప్పుడు నడుస్తుంది. నోడ్లు తీసినచోట దారులు తెగుతాయి కాబట్టి కాళ్లకు నీరు చేరే ప్రమాదముంది, కాళ్లు కదిలించమన్నారు. ఇవాళ పొద్దున అమ్మమ్మ నా భుజం పట్టుకుని వరండా చివరిదాకా నడిచింది. లెక్కపెట్టాను, 64 అడుగులు. తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి వదిలేసింది.

మీ తాతయ్య