కంబళి ముందే ఎందుకు కప్పుకోలేదు సార్? పిల్లల మాయల కథల మీద అపోహలు - వాస్తవాలు

ప్రొద్దుటూరులో ఉంటూ పన్నెండేళ్లుగా పిల్లల కోసం సాహస కథలు రాస్తున్నాను. మాంత్రికులు, మాట్లాడే పిట్టలు, కొండ కింద ఊళ్లు, అన్నీ ఉంటాయి. ఈ సంగతి ఎవరికైనా చెప్తే "ఓ, పిల్లల కథలా" అని ఒక నవ్వు నవ్వి, వెంటనే ఒక సలహా పడేస్తారు. మొదట్లో ఆ సలహాలన్నీ నేనూ నమ్మాను. నమ్మి పాడుచేసిన కథలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.

అపోహ: మాయల కథే కదా, ఏదైనా రాసేయొచ్చు.

నేను గట్టిగా దెబ్బ తిన్నది ఇక్కడే. ఒక కథలో గొర్రెలు కాసే పిల్లోడికి కంబళి దొరుకుతుంది, అనంతపురం వైపు కురుబలు నేస్తారే, అట్లాంటి నల్ల కంబళి. కప్పుకుంటే ఎవరికీ కనపడడు. మూడో అధ్యాయంలో కంబళి దొరికింది, ఆరో అధ్యాయంలో దొంగలు వాణ్ణి పట్టుకుపోయి గవిలో, అంటే గుహలో, కట్టేశారు. ఒక బడిలో నాలుగో తరగతికి చదివి వినిపిస్తున్నాను, నేనేమో గొంతు తగ్గించి, పెంచి, మంచి ఊపులో ఉన్నాను, ముందు వరసలో ఒక పాప చెయ్యెత్తి "కంబళి ఉంది కదా సార్, ముందే ఎందుకు కప్పుకోలేదు?" అంది. "మర్చిపోయాడమ్మా" అన్నాను. "అంత పెద్ద కంబళినా?" అంది. క్లాసంతా నవ్వింది, ఆ తర్వాత కథ ఎవరూ వినలేదు.

మామూలు కథ కంటే మాయల కథలోనే లెక్క గట్టిగా ఉండాలని ఆ రోజు అర్థమైంది. బస్సు ఎట్లా నడుస్తుందో పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, మాయ ఎట్లా పనిచేస్తుందో మాత్రం మనం చెప్తేనే తెలుస్తుంది. ఒకసారి చెప్పామా, ఇక అంగట్లో చిల్లర చూసుకున్నట్టు చూసుకుంటారు. అందుకే ఇప్పుడు రాయడం మొదలుపెట్టక ముందే ఒక చీటీ మీద మూడు సంగతులు రాసుకుంటాను: ఈ మాయ ఏం చేస్తుంది, ఏం చేయలేదు, వాడుకున్నవాడికి ఏం పోతుంది. మూడోది దొరక్కపోతే కథ మొదలుపెట్టను.

ఆ కంబళి కథనే తిరగరాశాను. కప్పుకున్నంతసేపు మనిషి కనపడడు, గొంతు కూడా వినపడదు. వాడేమో కాపరి, కేక వేయకపోతే మంద చెదిరిపోతుంది. దొంగలు వచ్చినప్పుడు కంబళి చేతిలోనే ఉంది. కప్పుకుంటే తను తప్పించుకుంటాడు, గొర్రెలు లోయలోకి పోతాయి. కప్పుకోలేదు, కేక వేశాడు, దొరికిపోయాడు. అదే గవి, అవే దొంగలు, ఒక్క నియమం మారింది, అంతే. ఈసారి చదివినప్పుడు ఎవరూ నవ్వలేదు.

చివర్లో ఒక మునీశ్వరుడు ప్రత్యక్షమై పిల్లల్ని కాపాడేస్తాడు చూడండి, అదీ ఇదే జబ్బు. పెద్దాయన్ని ఊళ్లోనే వదిలేసి రండి.

అపోహ: పిల్లల్ని భయపెట్టకూడదు.

ఇది ఎక్కువగా అమ్మానాన్నలు చెప్తారు, చెప్పేవాళ్లేమో చిన్నప్పుడు నెలనెలా శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుణ్ణి చదివి పెరిగినవాళ్లే! ఆ కథలు వేసిన చందమామ పత్రికను 1947 జూలైలో మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన బి. నాగిరెడ్డి మా కడప జిల్లా పొట్టిపాడు మనిషి, అది వేరే సంగతి.

మా అక్క పిల్లల్ని ఒకసారి బెలుం గుహలకు తీసుకుపోయాను. మొత్తం 3,229 మీటర్ల పొడవు, చూడనిచ్చేది అందులో సగం లోపే. లోపలికి పోయేకొద్దీ ఉక్క, చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అన్నిటికంటే లోతున, 46 మీటర్ల కింద పాతాళగంగ. చిన్నోడు దారి పొడవునా నా చొక్కా కొస వదల్లేదు, నోరు మెదపలేదు. బయటికొచ్చి నీళ్లు తాగాక "మామా, మళ్లీ పోదామా?" అన్నాడు.

ఇప్పుడు నా కథల్లో భయం బాగానే పెడతాను, పట్టుకోవడానికి ఒక చొక్కా కొస కూడా పెడతాను, అంటే ఒక కుక్కో, అన్నో, ఆరిపోని లాంతరో. రాక్షసుడి కోరలు, గోళ్లు వర్ణించడం మానేశాను. పిల్లోడు చీకట్లో తడిగోడ మీద చెయ్యి పెట్టాడు, గోడ ఊపిరి పీల్చింది. అక్కడ ఆపేస్తాను.

అపోహ: మాయాలోకం అంటే మంచుకొండలు, డ్రాగన్లు ఉండాలి.

కడపలో మే నెల ఎండలో కూర్చుని హీరో మంచులో గడ్డకట్టాడని రాస్తే ఆ చలి రాసినోడికీ తెలీదు, చదివినోడికీ తెలీదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం తలలు వంచుకుని వెతుకుతుంటారు, ఇంతకంటే నిధి వేట ఎక్కడుంది? 1900 తర్వాత ఎవరికంటా పడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా అడవిలో మళ్లీ కనిపించింది, అదీ రాత్రిపూట తిరిగే పిట్ట. ఎనభై ఏళ్లకు పైగా అది ఎక్కడ దాక్కుందని అడగండి, పిల్లలే కథ మొదలుపెడతారు.

ఒక జాగ్రత్త. ఊరి పేరు ఇరికిస్తే సరిపోదు. గండికోటను పెట్టి నేను రాసిన మొదటి కథ అచ్చం టూరిజం కరపత్రంలా ఉంటుంది, పెన్న లోయ ఎంత అందంగా ఉందో నాలుగు పేజీలు, పిల్లోడు మాత్రం ఒక్క రాయి కూడా ఎక్కడు.

అపోహ: చివర్లో నీతి ఉండాలి.

అక్కర్లేదు. "నీతి" అని కనపడగానే పిల్లలు పేజీ తిప్పేస్తారు, నేనే చూశాను.

అపోహ: మన యాస అందరికీ అర్థం కాదు, తీసేయాలి.

ఒక సంపాదకుడు "గవి" అన్నచోటల్లా "గుహ" అని మార్చమన్నారు. మార్చాను. పుస్తకం వచ్చాక మా పక్క ఊరి బడిలో ఒకడు "గుహ అంటే గవేనా సార్?" అన్నాడు. అప్పటి నుంచి కథ చెప్పేటప్పుడు గుహ, పిల్లోడి నోట గవి. రెండూ పక్కపక్కన ఉంటే ఏ జిల్లా పిల్లలైనా పట్టేసుకుంటారు.

కంబళి గురించి నిలదీసిన పాప ఇప్పుడు ఏడో తరగతి. కొత్తది ఏది రాసినా ముందు తనకే వినిపిస్తున్నాను. రెండో భాగం సగం వినగానే "వానలో తడిస్తే కంబళి పనిచేస్తుందా సార్?" అంది. నాలుగు రోజులైంది, చీటీ ముందు పెట్టుకుని ఇంకా ఆలోచిస్తున్నా.