ధూళిని ముట్టుకోకుండా చదివే వెలుగు

చీకటి గదిలోకి సందులోంచి ఎండ పడితే ఆ చారలో ధూళి తేలుతూ కనిపిస్తుంది. కణాలు వెలుగును చెదరగొట్టి మన కంటివైపు పంపడమే దానికి కారణం. 19వ శతాబ్దంలో భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ ధూళి లేని గాలిలోకి బలమైన కాంతి పుంజాన్ని పంపితే, దాని దారి కంటికి కనిపించలేదు. గాలిలో కణాలున్నాయో లేవో చెప్పే పరీక్ష అలా దొరికింది.

కణాలను ఫిల్టర్ మీద పట్టి తూకం వేయొచ్చు, నిజమే. కానీ ఫిల్టర్ మీద అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటిలోని తేమ ఆరిపోతుంది. గాలిలో ఉన్న కణం, మన చేతికొచ్చిన కణం ఒకటి కావు. వెలుగు మాత్రం కణాన్ని ఉన్నచోటే చూస్తుంది. అందుకే నాకు ఈ పద్ధతులంటే అంత ఇష్టం.

సన్ ఫోటోమీటర్ నేరుగా సూర్యుడి వైపు చూస్తూ, ఒక్కో రంగు వెలుగు దారిలో ఎంత తగ్గిందో కొలుస్తుంది. నీలం బాగా తగ్గి ఎరుపు పెద్దగా తగ్గకపోతే పొగలాంటి సన్నని కణాలు ఎక్కువని అర్థం. అన్ని రంగులూ దాదాపు సమానంగా తగ్గితే ముతక ధూళి. అయితే ఆ ధూళి నేలకు దగ్గరగా ఉందో, ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉందో ఈ పరికరం చెప్పలేదు.

అది చెప్పేది లైడార్. లేజర్ వెలుగును చిన్న తునకలుగా పైకి పంపి, వెనక్కి రావడానికి పట్టిన సమయం లెక్కిస్తుంది. సెకనులో పది లక్షలో వంతు సమయానికి తిరిగొస్తే, కణం 150 మీటర్ల దూరంలో ఉన్నట్టు. 2006లో ప్రయోగించిన కాలిప్సో ఉపగ్రహం అంతరిక్షం నుంచి కిందికి చూస్తూ 2023 వరకు ఇదే పని చేసింది. ఇందులో నాకు అన్నిటికంటే అందంగా అనిపించేది ధ్రువణం, అంటే వెలుగు తరంగం ఒకే దిశలో ఊగడం. గుండ్రటి నీటి బిందువు నుంచి నేరుగా వెనక్కి వచ్చిన వెలుగులో ధ్రువణం దాదాపు అలాగే ఉంటుంది. వంకరటింకర ఇసుక రేణువు దాన్ని కొంతవరకు చెరిపేస్తుంది. అంటే కణం ఆకారం కూడా తెలుస్తుందన్నమాట!

కష్టమంతా తిరుగు లెక్కలోనే ఉంది. కణం సంగతి తెలిస్తే వెలుగు ఎలా చెదురుతుందో లెక్కకట్టొచ్చు. గుండ్రటి కణాలకు గుస్తావ్ మీ అనే భౌతిక శాస్త్రవేత్త 1908లోనే ఆ లెక్క ఇచ్చాడు. వెలుగును చూసి కణాన్ని ఊహించడం మాత్రం చిక్కు. కొద్దిపాటి పెద్ద కణాలు, లెక్కకు ఎక్కువగా ఉన్న చిన్న కణాలు ఒకే సంకేతం ఇవ్వగలవు. అందుకే పలు రంగుల్లో, పలు కోణాల్లో కొలుస్తారు. పైగా తేమ పెరిగితే కణాలు నీరు పట్టి ఉబ్బి మరింత వెలుగు చెదరగొడతాయి. గాలిలో ధూళి పెరగకపోయినా అంకె పెరుగుతుంది. పక్కనే తేమను కొలవని చిన్న లేజర్ సెన్సర్ పొగమంచు వేళ చూపే రీడింగ్‌ని నేను నమ్మను.