జంట కట్టిన సిక్లిడ్లు ఎందుకు కొట్టుకు చస్తాయి, సలహాలు ఎందుకు కలవవు

అక్వేరియంలో పెంచే సిక్లిడ్ అనే రకం చేపల జంట గుడ్లు పెట్టిందని సంబరపడేలోపే మగది ఆడదాన్ని హీటర్ వెనక్కి తరిమి రెక్కలు చింపేసింది, ఏం చెయ్యాలి అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకొచ్చే సలహాలు చూస్తే ఒకరు ఇంకో పది చేపలు వెయ్యమంటారు, ఇంకొకరు మిగతావన్నీ తీసేసి జంటని ఒంటరిగా ఉంచమంటారు, మరొకరు ట్యాంక్ మధ్యలో డివైడర్, అంటే అడ్డు పలక పెట్టమంటారు. ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు, కాకపోతే ఒక్కో సలహా ఒక్కో కాలంలో ఒక్కో రకం చేప మీద పుట్టింది, అది చూసుకోకుండా వాడితేనే తేడా కొడుతుంది.

ముందు చేప సంగతి. చాలా చేపలు గుడ్లు వదిలేసి వాటి దారిన అవి పోతాయి, సిక్లిడ్లు మాత్రం కాపలా కాస్తాయి. కాన్విక్ట్ సిక్లిడ్‌నే తీసుకోండి, సెంట్రల్ అమెరికా చేప, 1867లో గుంథర్ అనే జంతుశాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. రాతి సందులోనో బోర్లించిన కుండలోనో గుడ్లు అతికిస్తుంది, సుమారు మూడు రోజులకి పగులుతాయి, ఇంకో నాలుగైదు రోజులకి పిల్లలు ఈదుతాయి, ఆ తర్వాత కూడా వారాల తరబడి తల్లీ తండ్రీ వాటి వెంటే ఉంటాయి. వాగులో అయితే ఆ పిల్లల్ని మింగడానికి కాచుక్కూర్చున్న చేపలుంటాయి, పక్కనే ఇంకో జంట ఉంటుంది, కాబట్టి కోపమంతా బయటికి పోతుంది, ఓడిన చేప కాస్త దూరం పారిపోతే గొడవ అక్కడితో అయిపోతుంది. ట్యాంక్‌లో ఎక్కడికి పారిపోద్ది, ఎటు వెళ్ళినా అద్దమే, తరిమేదానికేమో అది ఇంకా తన హద్దులోనే కనబడుతుంటుంది.

దీన్ని పద్ధతిగా గమనించడం యూరప్‌లో మొదలైంది. జంతువుల ప్రవర్తన మీద పనిచేసిన టిన్‌బెర్గెన్ శిష్యుడు బేరెండ్స్, ఆయన భార్య కలిసి 1950లో సిక్లిడ్ల ప్రవర్తన మీద పెద్ద అధ్యయనం వేశారు, రంగు మార్చడం, పక్కకి తిరిగి రెక్కలు విప్పడం, తోకతో నీళ్ళు కొట్టడం, నోరూ నోరూ పట్టుకుని లాక్కోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత అదే రంగంలోని కోన్రాడ్ లోరెంజ్ 1963 నాటి పుస్తకంలో చెప్పింది ఇంకా పనికొచ్చే ముక్క. ట్యాంక్‌కి మధ్యలో అద్దం పెట్టి రెండు వైపులా రెండు జంటలు ఉంచితే, అవతలి జంట మీద కోపం చూపించుకుంటూ ఎవరి సంసారం వాళ్ళు బాగానే చేసుకునేవి, ఆ అద్దం మీద పాచి పట్టి అవతలివి కనబడడం తగ్గేసరికి మగది తన ఆడదాని మీదే మొరటుగా తిరగబడేది. అద్దం తుడిస్తే మళ్ళీ మామూలే. "టార్గెట్ ఫిష్ పెట్టండి", అంటే జంట కోపం మళ్ళడానికి వేరే చేపల్ని ఉంచండి అనే సలహా వెనకున్న లాజిక్ ఇదే, జంటని పూర్తి ఒంటరిగా ఉంచడం ఎందుకు రిస్కో కూడా ఇందులోనే ఉంది.

ఇంకో పక్క 1960ల నుంచి ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లు, ముఖ్యంగా రాళ్ళ మధ్య బతికే ఎంబూనాలు, ఎగుమతై ఇళ్ళల్లోకి రావడం మొదలైంది. వీటి లెక్కే వేరు. జంట కట్టడాలుండవు, ఆడది గుడ్లని నోట్లో పెట్టుకుని మూడు వారాల దాకా మోస్తుంది, మగది పిల్లల ఊసే ఎత్తదు, రాళ్ళ దగ్గర చోటు పట్టుకుని వచ్చిన ఆడదాన్నల్లా పిలుస్తుంటుంది. అందుకే ఒక మగకి మూడు నాలుగు ఆడవి, పైగా ట్యాంక్ కిక్కిరిసేలా చేపలు, ఏ ఒక్కటీ చోటు పట్టుకోలేకుండా, ఏ ఒక్కదాని మీదే దెబ్బలన్నీ పడకుండా. ఫిల్టర్ గట్టిది, నీళ్ళు మార్చే ఓపిక ఉంటేనే ఇది నడుస్తుంది.

నాకు చిరాకు తెప్పించేది ఏంటంటే ఈ కిక్కిరిసే పద్ధతిని తీసుకెళ్ళి కాన్విక్ట్ జంటకి చెప్పడం. గుడ్లు పెట్టిన కాన్విక్ట్‌కి చుట్టూ ఇరవై చేపలుంటే కోపం పంచుకోదండి, సగం ట్యాంక్ ఖాళీ చేయించి మిగతా అందర్నీ ఒక మూలకి కుక్కేస్తుంది, పొద్దునకి రెండు చచ్చి తేలతాయి.

రౌడీని తీసేస్తే సరిపోతుంది కదా అనేవాళ్ళకి కూడా ఒక మాట. ఆఫ్రికాలోని టాంగన్యికా సరస్సు ప్రాంతపు బర్టోని సిక్లిడ్ల మీద రస్సెల్ ఫెర్నాల్డ్ అనే శాస్త్రవేత్త బృందం పనిచేసింది, పెద్ద మగని తీసేసిన కొద్ది నిమిషాల్లోనే అప్పటిదాకా అణిగిమణిగి ఉన్న ఇంకో మగది రంగెక్కి, కంటి మీద నల్ల గీత తేలి, అందర్నీ తరమడం మొదలెట్టేది. కుర్చీ ఖాళీగా ఉండదు అన్నమాట.

డివైడర్ పద్ధతి మాత్రం పెద్ద సైజు సెంట్రల్ అమెరికన్లు పెంచేవాళ్ళ దగ్గర బాగా స్థిరపడింది, ఎందుకంటే వాటిలో మగది ఆడదానికన్నా బాగా పెద్దది, ఆడది గుడ్లకి రెడీ కాకపోతే చంపేస్తుంది కూడా. డివైడర్‌లో ఆడది దూరేంత, మగది దూరలేనంత కన్నం చేస్తారు, అది ఇష్టమైతే వెళ్తుంది, తంతే పారిపోయి వస్తుంది. 1990ల్లో మలేషియాలో బ్రీడింగ్ చేసి తెచ్చిన ఫ్లవర్‌హార్న్ ఈ జాతుల సంకరమే, నుదుటి బొడిపె కోసం, ఆ దూకుడు కోసం ఏరి ఏరి పెంచింది, కాబట్టి దీనికి కన్నం కూడా చాలామంది నమ్మరు, మధ్యలో అద్దం పెట్టి వారాల తరబడి చూసుకోనిచ్చి, ఆడదాని గుడ్ల గొట్టం కిందికి దిగాకే, మనిషి దగ్గరుండి అద్దం తీస్తాడు, గుడ్లు పెట్టడం అయ్యాక మళ్ళీ దించేస్తాడు.